అంటించని మూడు కడ్డీలు

గడియారం సెంటర్‌ల మాది చైనా పండ్ల దవాఖాన.
బోర్డు సగమే చదివిన కొత్తోళ్లు
బత్తాయిలు డజనెంత అని అడిగేది.
కూసోమని, నోరు తెరవమనేది మేయమ్మ.

అసలు పేరు షూ మేహువా.
కరెంటు బిల్లు మీద ఒక తీరు, రేషన్ కార్డు మీద ఒక తీరు.
పదారేండ్లు ఆమె దగ్గర కట్టుడుపండ్లు పోసిన,
నా గోర్ల సందుల గచ్చు ఇంక పోలే.

ఏటా వైశాఖ పున్నానికి పడగగుట్ట ఎక్కుతది.
ఒకప్పుడు పట్నం నుంచి మూడు జీపులల్ల వచ్చేదట
బూట్లు కుట్టేటోళ్లు, నూడుల్స్ ఒత్తేటోళ్లు,
జుట్టు కత్తిరించే అక్కలు, పండ్లు పీకే బావలు.
చైనాల ఎవరి జిల్లా భాష వాళ్లది,
ఒకరిది ఒకరికి తెల్వక
గుట్ట కింద పొయ్యి చుట్టూ ఉర్దూల ముచ్చట పెట్టుకునేదట.
కొందరు కల్కత్తా పోయిండ్రు, కొందరు టొరంటో,
కొందరు మట్టిలకు.

ఈయేడు జీపు లేదు. ఇద్దయ్య ఆటో.
ఆమెకూ నాకూ నడుమ బత్తాయిల సంచి.
నారింజలు పెట్టాలె, వాళ్ల ఆచారం.
నారింజ దొరకని ఏడు డాక్టరే అన్నడట,
"నల్లగొండల నాలుగు దినాలుంటే
బుద్ధుడు గూడ బత్తాయే తింటడు" అని.

మెట్లు లెక్కపెట్టుకుంట ఎక్కింది.
ఏ భాషల లెక్కనో పెదాలు చూస్తే తెల్వలే.
తొంబై దాటి ఆయాసం వచ్చినంక
తెలుగులకు దిగింది.

పైన గుడి లేదు.
ఇటుకల గుండ్రం, నడుములిరిగిన కంబాలు,
రేకుల షెడ్డుల తల లేని బుద్ధుడు.
వేళ్లు రాలినా చెయ్యి దీవిస్తనే ఉన్నది.
మోకాలు కాడ పెచ్చు లేచింది, వంగి చూసిన:
లోపల ఇటుక, పైన సున్నం, దాని మీద సన్నపూత.
ఎన్ని వందల ఏండ్ల కిందనో
నా అసొంటోడెవడో బొటనవేలితో అదిమిన గుర్తు.
మేస్త్రి చూడకముందే, ఆరకముందే అని
వాడు గూడ ఆగమైనట్టే ఉన్నది.

మేయమ్మ అగ్గిపెట్టె తీసింది.
"అగ్గి ముట్టియ్యద్దమ్మా" అన్నడు వాచ్‌మన్ మల్సూరు
అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని.
"కొత్త రూలు. ఇది గుడి కాదు, సర్కారు జాగ."
నాకు కోపమొచ్చింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.
యుద్ధం వచ్చిన ఏడు
వారం వారం ఠాణాకు పోయి సంతకం పెట్టొచ్చేదట పెనిమిటి.
తెల్లారి అదే జమేదారు పుచ్చుపన్ను పీకి
ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పేదట.

కడ్డీలు మూడు నొసటికి ఆనిచ్చి
మూడుమార్లు వంగింది. పొగ లేదు.
గాలి కాసేపు ఆగినట్టే అనిపించింది.
ఇద్దయ్యనడిగితే, అట్లేం లేదన్నడు.

లేచినంక, "నీ నోరేది, చూపియ్" అన్నది మల్సూరును.
షెడ్డు గడప మీద కూసోబెట్టింది.
ఫోన్ లైటు నేను పట్టిన.
గోధుమరంగు చారలు, సుద్ద మచ్చలు,
చిన్ననాటి బోరునీళ్లు రాసిపెట్టిన రాత.
"మర్రిగూడ దిక్కా?"
"ఆడనే. మీకెట్ల ఎర్కమ్మా?"
"నలభై ఏండ్ల సంది ఇదే సదువుతున్న కొడుకా."
కింది దవడల ఒకటి కదులుతున్నది.
"మంగళారం రా. పైసలద్దు."

బత్తాయి ఒలిచి తొలి తొన తల లేనాయన ముందట పెట్టి
"పాపం, ఈయనకు పండ్లు పెట్టరాదు" అని
ఏ పండ్లో చెప్పకుండ నవ్వింది.
మల్సూరు గూడ నవ్విండు,
చెయ్యి అడ్డం పెట్టుడు మర్సిపోయి.

దిగేటప్పుడు కడ్డీలు నా అంగీ జేబుల పెట్టింది.
మంగళారం మల్సూరు రాలే.
బుధారం వచ్చిండు.
ఎర్రమట్టి చెప్పులు మెట్ల కింద ఇడుస్తున్నడు.
గుడి కాదు, ఇప్పవద్దు అని
చెప్పబోయి ఊకున్న.